పత్రికల తగ్గింపు చందాలు

జూన్ 12వ తేదీన బడులు తెరుస్తారు. ఆ నెల ముగియకమునుపే హనుమకొండ, వరంగల్, కాజీపేటలలోని ఉన్నత పాఠశాలలకు ఒక అతిథి రాక తప్పదు. చంకన సంచి, చేతిలో రసీదు పుస్తకం, జేబులో రెండు మూడు కలములు. మధ్యాహ్న విరామం వేళకు సరిగా ఉపాధ్యాయుల గది గుమ్మంలో నిలబడి నమస్కరిస్తాడు. ఆయన పత్రికల చందాలు చేర్పించే ప్రతినిధి. బల్లమీద పరచే కరపత్రంలోని అంకెలు పత్రికను బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతూ ఉంటవి. కాని వాటి పోకడ మాత్రం ఒక్కటే. ఉదాహరణకు విడిప్రతి వెల 30 రూపాయలు గల మాసపత్రిక ఒకటి ఉన్నదనుకుందాము. అంగడిలో నెలనెలా కొంటే సంవత్సరానికి 360. చందా కడితే 300. మూడేండ్లకు ఒక్కసారే కడితే 750. ఐదేండ్లకైతే వేయి రూపాయలు మాత్రమే, పైగా ఒక చేతిసంచి బహుమానం!

లెక్కల మాస్టారు వెంటనే గుణించి, ఐదేండ్లకు 1800 కావలసినది వేయికే వస్తున్నది గనుక నూటికి 44 వంతులు తగ్గినట్లే అంటారు. తెలుగు పండితులవారికి ఇంకొక సందేహం కలుగుతుంది. వేయి రూపాయలకే ఇవ్వగలిగినప్పుడు అట్టమీద 30 రూపాయలని అచ్చువేయుట అబద్ధమా? అట్టమీది మాట నిజమైతే ఈ తగ్గిన 800 రూపాయలు ఎవరు పెట్టుకొంటున్నారు? ప్రతినిధి చిరునవ్వు నవ్వి, రసీదు పుస్తకం తెరుస్తాడు. గంట మోగుతుంది. ప్రశ్న అక్కడనే ఉండిపోతుంది.

ఆ ప్రశ్న చిన్నది కాదు. తెలుగునాట పత్రికలు ఎట్లు పుట్టినవి, ఎట్లు బ్రదికినవి, ఎందుకు మూతపడినవి అనే కథ అంతా దానిలో ఇమిడి ఉన్నది.

మొదట 'చందా' అన్న మాటనే చూడవలసి ఉన్నది. ఇది మన భాషకు పారసీకంనుండి ఉర్దూ మీదుగా వచ్చినది. 'చంద్' అంటే కొన్ని, కొద్దిపాటి అని అర్థం. పదిమందీ తలా కొంత వేసుకొన్న మొత్తం చందా. వరంగల్లులో గణపతి నవరాత్రులకు వసూలు చేసేదీ చందానే, సంఘానికి సభ్యుడు కట్టేదీ చందానే, పత్రికకు పాఠకుడు పంపేదీ చందానే. బియ్యానికి ధర, బట్టకు వెల, బండికి కిరాయి, పత్రికకు మాత్రం చందా! మన పెద్దలు విడిప్రతికి 'వెల' అని వ్రాసి, సంవత్సరానికి 'చందా' అని వేరు మాట వ్రాసినారు. ఈ భేదం అనాలోచితంగా వచ్చినది కాదనిపిస్తుంది. వెల అనగా వస్తువు చేతికి వచ్చిన తరువాత ఇచ్చేది. చందా అనగా వస్తువు ఇంకా పుట్టకమునుపే, పుట్టుటకొరకు ఇచ్చేది.

ఇంగ్లీషువారి మాటలోనూ ఇట్టి భావమే ఉన్నది. 'సబ్‌స్క్రిప్షన్' అనగా అడుగున వ్రాయుట, అనగా వాగ్దానపత్రం క్రింద సంతకం చేయుట. అలెగ్జాండర్ పోప్ కవి హోమరు 'ఇలియడ్'ను 1715నుండి 1720 వరకు ఆరు సంపుటాలుగా ఆంగ్లీకరించినప్పుడు సంపుటానికి ఒక గినీ చొప్పున ముందుగా ఒప్పుకొని సంతకాలు చేసినవారి అండతోనే ఆ పని సాగినది. గ్రంథం వ్రాయబడుటకు ముందే పాఠకుడున్నాడు. పాఠకుని నమ్మకమే మూలధనమైనది.

ఓరుగల్లు సీమలో ఆ మాటకు ఇంతకన్న స్పష్టమైన అర్థం ఇనుగుర్తిలో కనబడుతుంది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్న ఆ గ్రామం ఆనాడు వరంగల్లు జిల్లాలోనిది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922 ఆగస్టు 27న అక్కడినుండి 'తెనుగు' అనే వారపత్రికను వెలువరించినారు. దానికి మూడు దినాల ముందు, ఆగస్టు 24న, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక వెలువడినది. ఇనుగుర్తి పట్టణం కాదు. అక్కడ పత్రికలమ్మే అంగడి ఊహకైనా అందదు. వ్రాయుట, అక్షరాలు కూర్చుట, అచ్చొత్తుట సమస్తం ఆ సోదరుల ఇంటి పనియే. అట్టి పత్రికకు విడిప్రతి కొనే బాటసారి ఎక్కడనుండి వస్తాడు? ఎక్కడో ఒక ఊరి కరణమో, బడిపంతులో, న్యాయవాదియో తన పేరు నమోదు చేయించుకొని రూకలు పంపితేనే ఆ ముద్రణయంత్రం కదలాలి. తపాలా బంట్రోతే దానికి అంగడి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వాన హైదరాబాదునుండి 'గోలకొండ పత్రిక' వెలువడి వారానికి రెండుమారులు జిల్లాలకు చేరసాగినది. దానికీ ఊరూరా ఉన్న చందాదారులే ఆధారం.

ఆ రోజులలో చందాదారునికి ఇంకొక చిక్కు ఉండేది. నిజాం సంస్థానంలో చెల్లేది హాలీ సిక్కా, బ్రిటిషు ఇండియాలో చెల్లేది కల్దారు. ఆరు కల్దారు రూపాయలకు సుమారు ఏడు హాలీ రూపాయలు. మదరాసునుండి వచ్చే మాసపత్రిక తన చందా ఆరు రూపాయలని ప్రకటిస్తే, హనుమకొండ పాఠకుడు లెక్కపెట్టి తీయవలసినవి ఏడు. అది మారకపు లెక్కయే గాని పత్రిక చేసిన పెంపు కాదు. అయినా జీతం హాలీలో పుచ్చుకొనే బడిపంతులుకు ఆ ఏడవ రూపాయి కనబడకుండా పోదు.

తగ్గింపు చందా అన్నది ఇటీవలి వ్యాపారుల ఉపాయమని కొందరు తలుస్తారు. కాని మన దేశపు తొలి పత్రికలలోనే అనేకం రెండు రేట్లు అచ్చువేసినవి. ముందుగా చెల్లించినవారికి ఒకటి, వెనుక చెల్లించేవారికి అంతకన్న ఎక్కువ. అంటే మొట్టమొదటి తగ్గింపు బాకీ పెట్టనివారికి ఇచ్చిన బహుమానమే. జమీందారులకు హెచ్చు రేటు, సామాన్యులకు తక్కువ రేటు, విద్యార్థులకు ఇంకా తక్కువ రేటు పెట్టిన పత్రికలూ కలవు. ఎవరి శక్తి కొలది వారు వేసుకొనేది చందా అన్న పాత అర్థానికి ఇది సరిగా సరిపోతుంది.

బాకీల బాధ సామాన్యమైనది కాదు. పత్రిక తెప్పించుకొని చదివి, పదిమందికి చదివి వినిపించి, సంవత్సరాంతాన చందా మాట ఎత్తితే మిన్నకుండే మహనీయులు ప్రతి ఊరిలోనూ ఉండేవారు. ప్రభుత్వ తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని, 1880లో మనియార్డరును ప్రవేశపెట్టిన తరువాత సంపాదకులకు కొంత ఊపిరి ఆడినది. వి.పి.పి.లో పంపితే తపాలా వాడే రొక్కం వసూలు చేసి తెస్తాడు. అయితే చందాదారుడు కట్ట విప్పకుండానే 'వద్దు' అని త్రిప్పి పంపితే ఆ తపాలా ఖర్చంతా పత్రిక నెత్తిమీదనే! ఈ భయంచేతనే ముందుగా పంపినవారికి నాలుగణాలు తగ్గించుట లాభమని పత్రికాధిపతులు గ్రహించినారు.

ఇక ఇప్పటి లెక్కకు వద్దాము. ప్రతినిధి చెప్పకుండా విడిచిన జవాబు ఈ లెక్కలోనే ఉన్నది. విద్యార్థులు కాగితం మీద వేసి చూచుకొనవచ్చును.

ఉదాహరణకు తీసుకొన్న 30 రూపాయల పత్రిక అంగడిద్వారా అమ్ముడైనప్పుడు ఏజెంటుకు, అంగడివానికి కలిపి మూడవ వంతు పోతుందనుకుందాము. పత్రికకు చేరేవి 20 రూపాయలు. అమ్ముడుపోని ప్రతులు తిరిగివస్తవి. మూడు ప్రతులు అమ్ముడు కావాలంటే నాలుగు పంపవలసి వస్తుంది. ఒక ప్రతికి కాగితం, అచ్చు కలిసి 12 రూపాయలైతే, వృథా అయిన ఆ నాలుగవ ప్రతి భారం మిగిలిన మూడింటిమీద నాలుగేసి రూపాయల చొప్పున పడుతుంది. ఇక మిగిలేది 16. సంవత్సరానికి 192 రూపాయలు. 360 రూపాయల పాఠకునినుండి పత్రిక చేతికి నికరంగా వచ్చేది ఇంతే!

ఇప్పుడు 300 రూపాయల చందాదారుని చూడండి. తపాలా శాఖవద్ద రిజిస్టరైన పత్రికలకు ఏండ్ల తరబడి వసూలు చేస్తూ వచ్చిన రాయితీ రేటు మిక్కిలి స్వల్పం. 50 గ్రాముల వరకు 25 పైసలు, 100 గ్రాముల వరకు 50 పైసలు, ఆ పైన ప్రతి 100 గ్రాములకు 20 పైసలు. నూటయేబది గ్రాముల పత్రికకు 70 పైసలు, పన్నెండు నెలలకు 8 రూపాయల 40 పైసలు. చుట్టే కాగితం, చిరునామా చీటీ, కట్టలు కట్టే కూలి కలిపి ప్రతికి రెండు రూపాయలనుకొంటే 24. మొత్తం ఖర్చు 32 రూపాయల 40 పైసలు. పత్రికకు మిగిలేది 267 రూపాయల 60 పైసలు. పాఠకునికి 60 రూపాయలు తగ్గించిన తరువాత కూడ, అంగడి పాఠకునికన్న చందాదారునివలన పత్రికకు 75 రూపాయల 60 పైసలు ఎక్కువగానే వస్తున్నవి!

కనుక పన్నెండు సంచికలను పది సంచికల వెలకు ఇచ్చుట దానం కాదు, మోసమూ కాదు. మధ్యవర్తికి పోయేదానిలో, చిత్తుకాగితమై పోయేదానిలో కొంత పాఠకునికి పంచి ఇచ్చుట మాత్రమే. అట్టమీది 30 రూపాయలూ అబద్ధం కాదు, అది అంగడి దారిలో వచ్చే ప్రతి వెల. పండితులవారి సందేహానికి సగం సమాధానం ఇది.

మిగిలిన సగం ఐదేండ్ల పథకంలో ఉన్నది. మూడేండ్లకు 750 అంటే సంవత్సరానికి 250. ఖర్చు పోగా 217 రూపాయల 60 పైసలు. ఇదీ అంగడి రాబడికన్న మేలే. ఐదేండ్లకు వేయి అంటే సంవత్సరానికి 200. ఖర్చు పోగా మిగిలేవి 167 రూపాయల 60 పైసలు. ఇక్కడ త్రాసు అటు మొగ్గినది. అంగడిద్వారా వచ్చే 192కన్న ఇది తక్కువ. బహుమానపు సంచి వెల ఇంకా కలుపలేదు. ప్రతినిధికిచ్చే కమీషనూ కలుపలేదు. పైగా ఈ ఐదేండ్లలో కాగితం వెల పెరిగినా చందాదారుని మరల అడుగరాదు. 2021, 2022 సంవత్సరాలలో న్యూస్‌ప్రింటు వెల ఒక్కసారిగా పైకి లేచినప్పుడు ముందే చందాలు పుచ్చుకొన్న పత్రికలన్నీ ఈ సంగతి చవిచూచినవి.

అంటే తగ్గింపుకు ఒక గీటురాయి ఉన్నది. ఆ గీత లోపల తగ్గింపు పత్రికకూ పాఠకునికీ ఉభయతారకం. గీత దాటిన తరువాత ఆ లోటును వేరెవ్వరో భరించాలి. ఆ వేరెవ్వరు ఎవరన్నదే అసలు సంగతి.

ఒక్కొక్కప్పుడు వారు మహాదాతలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా ప్రారంభించినారు, 1914లో మదరాసునుండి దినపత్రికగా నడిపినారు, 1924 జనవరిలో 'భారతి'ని నెలకొల్పినారు. వీటికి వెనుక ఉన్న ఐశ్వర్యం అమృతాంజనం. దేశంలోని తలనొప్పులన్నీ కలిసి తెలుగు సాహిత్య పరిశోధనకు చందా కట్టినవని చమత్కరించవచ్చును. అంతకుమునుపు 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి నిలకడగా చందాదారులను కూర్చుకొని శాస్త్ర, చరిత్ర గ్రంథాలను అందజేసినది. అక్కడ భారం వహించినవారు రావిచెట్టు రంగారావువంటి ఉదారులు. ఇట్టివారు భరించినప్పుడు పాఠకుడు ఋణపడేది ఒక ఆదర్శానికి.

వేరొకప్పుడు ఆ భారం వహించేవారు ప్రకటనకర్తలు. ఈ విద్యకు పుట్టినిల్లు అమెరికా. 1893 అక్టోబరులో ఫ్రాంక్ మన్సే అనే ప్రచురణకర్త 25 సెంట్ల తన మాసపత్రిక వెలను ఒక్కసారిగా 10 సెంట్లకు దించినాడు. పాఠకులు విరగబడినారు. వారి సంఖ్యను చూపి ప్రకటనల రేట్లు పెంచినాడు. అప్పటినుండి పత్రికకు ఇద్దరు కొనుగోలుదారులు ఏర్పడినారు. పత్రికను కొనేవాడు పాఠకుడు, పాఠకుని కొనేవాడు ప్రకటనకర్త.

ఈ మార్గంలో గెలుపే ఓటమియైన వింత కూడ జరిగినది. 1936 నవంబరులో 'లైఫ్' అనే చిత్రపత్రిక 10 సెంట్లకు వెలువడినది. ప్రతికి అయ్యే ఖర్చు అంతకన్న ఎక్కువ. రెండున్నర లక్షల ప్రతులు అమ్ముతామని ప్రకటనకర్తలకు ముందే రేట్లు ఖాయపరచి ఉన్నారు. కొద్ది నెలలలోనే గిరాకీ పది లక్షలు దాటినది. ప్రకటనల రేటు పాతదే, ప్రతి ప్రతికీ నష్టం మాత్రం క్రొత్తది. ఎంత ఎక్కువమంది చదివితే అంత నష్టం! కొంతకాలానికి రేట్లు సవరించుకొని ఆ పత్రిక నిలదొక్కుకొన్నది గాని, టెలివిజను వచ్చి ప్రకటనలను లాగుకొన్న తరువాత 1972 డిసెంబరులో, లక్షలాది చందాదారులుండగానే, వారపత్రికగా దాని ఆయుష్షు తీరినది.

'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' కథ ఇంతకన్న కఠినం. 1968లో అరువది లక్షలకు పైబడిన దాని చందాదారులలో సగానికి సగం మందిని యాజమాన్యమే తొలగించినది. వారు చందా కట్టలేదని కాదు, పత్రికను మెచ్చలేదనీ కాదు. ప్రకటనకర్తలు కోరుకొనే సంపన్నుల పేటలలో వారు నివసించడం లేదు, అంతే. ఇంటిల్లిపాది కూర్చుండి చదివిన కుటుంబాలకు చందాసొమ్ము వాపసు చేస్తామనే కబురు వెళ్లినది. 1969 ఫిబ్రవరిలో ఆ పత్రిక మూతపడినది. వెల తక్కువై నంతకాలం తాను కొనుగోలుదారుడనని తలచిన పాఠకుడు, తాను అమ్ముడుపోయే సరుకునని ఆనాడు తెలిసికొన్నాడు.

ఈ ప్రమాదం అమెరికా తపాలా చట్టకర్తలకు ముందే తోచినది. 1879నాటి వారి చట్టం పత్రికలకు తపాలా రాయితీ ఇస్తూ, ప్రధానంగా ప్రకటనల కొరకు గాని, ఉచితంగా పంచుటకు గాని, నామమాత్రపు వెలకు గాని వెలువడే పత్రికలకు ఆ రాయితీ వర్తించదని శాసించినది. ప్రతుల సంఖ్యను తనిఖీ చేసే అక్కడి సంస్థ కూడ చాలకాలం అసలు వెలలో సగమైనా చెల్లించినవానినే నిజమైన చందాదారునిగా లెక్కించినది.

మన దేశంలో ఈ చర్చ న్యాయస్థానం మెట్లెక్కినది. జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతన ఏర్పడిన మొదటి ప్రెస్ కమీషను, ప్రకటనల బలంతో పెద్ద పత్రికలు వెల తగ్గించి పుటలు పెంచుకొంటూ పోతే దేశభాషలలోని చిన్న పత్రికలు నిలువలేవని 1954లో అభిప్రాయపడినది. దాని ఫలితంగా 1956లో వెల-పుటల చట్టం, 1960లో దాని క్రింద ఉత్తర్వు వెలువడినవి. ఇంత వెలకు ఇన్ని పుటలే ఇవ్వాలని కట్టడి! పూనానుండి వెలువడే 'సకాళ్' అనే మరాఠీ పత్రిక సుప్రీంకోర్టుకు వెళ్లగా, 1961 సెప్టెంబరులో న్యాయమూర్తులు ఆ చట్టాన్ని కొట్టివేసినారు. వెల పెంచమని బలవంతపెట్టితే పాఠకులు తగ్గుతారు, పాఠకులు తగ్గితే భావప్రకటన స్వేచ్ఛకు భంగమే అన్నది వారి నిర్ణయం. న్యాయం న్యాయమే. అయినా కమీషను భయం అసత్యం కాదని తరువాతి చరిత్ర చెప్పినది. 1994లో ఢిల్లీలో ఒక పెద్ద ఆంగ్ల దినపత్రిక 'ఆహ్వాన వెల' అనే పేరుతో రూపాయిన్నరకే దిగినప్పుడు పోటీ పత్రికలన్నీ గడగడలాడినవి. చిన్న పత్రికకు అట్టి ఆహ్వానం పలికే స్తోమత ఏది?

వరంగల్లు పత్రికలు చిన్నవే. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన కాలంలో పాములపర్తి సదాశివరావు 'కాకతీయ పత్రిక' నడిపినారు. అందులో ఆయనా, పి.వి. నరసింహారావూ 'జయ-విజయ' అనే జంటపేరుతో వ్రాసినారు. 1958లో ఎం.ఎస్. ఆచార్య 'జనధర్మ' వారపత్రికను ప్రారంభించినారు. 1966 నవంబరులో వరవరరావు, మిత్రులు 'సృజన'ను త్రైమాసికంగా ఆరంభించగా అది తరువాత మాసపత్రికయై 1992 దాకా సాగినది. వీనిలో ఏ ఒక్కదానికీ వెనుక అమృతాంజనం లేదు.

ఇట్టి పత్రికల బ్రతుకులో చందాదారుల జాబితాకు చట్టరీత్యా కూడ ఒక విలువ ఉండేది. 1898నాటి భారత తపాలా చట్టం తొమ్మిదవ విభాగం, పత్రికగా రిజిస్టరై రాయితీ పొందుటకు రెండు షరతులు పెట్టినది. సంచికకూ సంచికకూ మధ్య 31 దినాలకు మించరాదు, నిజమైన చందాదారుల జాబితా ఉండాలి. పత్రిక అన్నది ఒకటి ఉన్నదనుటకు సాక్ష్యం దాని చందాదారులే అని శాసనం ఒప్పుకొన్నదన్నమాట! కాని మొదటి షరతువలన త్రైమాసిక పత్రికలు ఆ రాయితీకి నోచుకోలేదు. సాహిత్య పత్రికలలో అధికభాగం డబ్బు లేకనే మూడు నెలలకొకసారి వస్తవి, మూడు నెలలకొకసారి వచ్చుటచేతనే వాటికి తపాలా ఖర్చు హెచ్చు. 2023లో చేసిన క్రొత్త తపాలా చట్టం 2024 జూన్ 18న అమలులోకి వచ్చి ఆ పాత చట్టాన్ని తొలగించినది.

'జీవిత చందా' అన్నది ఈ తగ్గింపులన్నింటికీ శిఖరం. ఒక్కమారు కొంత మొత్తం కడితే జీవితాంతం పత్రిక వస్తుంది. ఎవరి జీవితం? చందాదారునిదా, పత్రికదా? ఈ ప్రశ్న ఎవ్వరూ అడుగరు. 67 ఏండ్లు బ్రదికిన 'భారతి' 1991లో ఆగిపోయినది, ఆ యేడే 'ఆంధ్రపత్రిక'యు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి దేశమంతటా రాకపోకలు స్తంభించినప్పుడు తెలుగులో పెక్కు వార, మాసపత్రికల ముద్రణ నిలిచినది. నలుబది ఏండ్లకు పైబడి నడిచిన 'విపుల', 'చతుర' మరల అచ్చుకు రానేలేదు. పత్రిక మూతపడితే కాగితపు వర్తకుడు, అచ్చు యజమాని తమ బాకీకి వచ్చి కూర్చుంటారు. చందాదారుడు మాత్రం ఊరూరా చెదరి ఉన్న ఋణదాత. నూటికో రెండువందలకో అతడు వ్యాజ్యం వేయడు. కనుక ఐదేండ్ల తగ్గింపులో కొంతభాగం అతడు మోసే ఈ నష్టభయానికి ముందుగా చెల్లించిన వడ్డీయే. ఉపాధ్యాయుల గదిలో సంతకం చేయుటకు ముందు ఆ పత్రిక ఎన్ని సంవత్సరాలుగా వేళకు వస్తున్నదో విచారించుట, తగ్గింపు ఎంతో లెక్కించుటకన్న ముఖ్యం. కొత్త పత్రికకైతే ఒక్క సంవత్సరమే చాలును. పెట్టిన డబ్బు మునిగినా సరే అనుకొని ఐదేండ్లకు కట్టేవారుంటే అది పాత అర్థంలో చందా, దానికి తగ్గింపు అక్కరలేదు.

విద్యార్థికి మాత్రం తగ్గింపు విషయంలో సంకోచం ఉండనవసరం లేదు. అతనికి తక్కువకిచ్చిన పత్రిక రేపటి పాఠకుని సంపాదించుకొంటున్నది. అసలు తెలుగువారు కనిపెట్టిన గొప్ప తగ్గింపు చందా వేరొకటి ఉన్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసినవి. నిలయం ఒక్క చందా కడితే ఊరంతా చదువుతుంది. ఒక్క ప్రతి ఉదయం న్యాయవాది చేతిలో, మధ్యాహ్నం గుమాస్తా చేతిలో, సాయంకాలం విద్యార్థి చేతిలో! వేయి మందికి ఒక్క చందా అంటే నూటికి తొంబదితొమ్మిది వంతులకు పైబడిన తగ్గింపు. 1960నాటి గ్రంథాలయ చట్టం ఆస్తిపన్నుమీద రూపాయికి 8 పైసల సుంకం విధించి ఇంటింటినీ ఇందులో భాగస్వామిని చేసినది. ఇల్లు గలవాడెల్ల, తెలిసినా తెలియకున్నా, పత్రికలకు చందాదారుడే. ఆ సుంకాన్ని పురపాలక సంఘాలు గ్రంథాలయ సంస్థకు వేళకు జమకట్టకపోతే మొదట కోతపడేది పత్రికల బల్లమీదనే.

ఇన్ని లెక్కలకూ అందని తగ్గింపు ఒకటి చిన్న పత్రికలవద్ద ఇంకను మిగిలి ఉన్నది. సంచికను చుట్టిన కాగితంమీద చిరునామా చీటీ ఉంటుంది. చీటీ మూలన చందాదారుని సంఖ్య, చందా ముగిసే నెల. ఆ నెల రాగానే 'మీ చందా ఈ సంచికతో ముగియుచున్నది' అనే ముద్ర పడుతుంది. శాస్త్రప్రకారం మరుసటి నెల సంచిక రాకూడదు. అయినా వస్తుంది. పదవీ విరమణ చేసిన పండితుడో, ఊరు మారిన పంతులో మరచిపోయి ఉంటాడులే అనుకొని, సంపాదకుడు తన చేతితోనే చిరునామా వ్రాసి ఇంకొకటి పంపుతాడు, ఆ తరువాత మరొకటి. మూడవ నెలలో గాని ఆ పేరును జాబితానుండి కొట్టివేయడు. ఒకప్పుడు ఈలోగా కొందరు మనియార్డరు పంపేవారు. ఆ ఫారంలో వార్త వ్రాసే చోట, ఆలస్యానికి మన్నించవలెనని రెండు పంక్తులు ఉండేవి.